మళ్లీ పోటీ వద్దన్నవాడే ముప్పై ఏళ్లు ఏలాడు

గద్దె దిగని దొరలు: 7వ భాగం

మెక్సికోలో కొన్ని దశాబ్దాల పాటు ఏ సర్కారు కాగితం తీసినా అడుగున ఒకటే మాట కనబడేది. గుమాస్తా బదిలీ ఉత్తర్వైనా, మంత్రిగారి సర్క్యులరైనా, సంతకం దగ్గర "సుఫ్రాహియో ఎఫెక్తివో, నో రీఎలెక్సియోన్" అని టైపు కొట్టి ఉండేది. వేసిన ఓటు చెల్లాలి, గద్దె ఎక్కినవాడు మళ్లీ ఎన్నిక కాకూడదు అని దాని భావం. ఈ రెండు ముక్కల కోసం ఆ దేశంలో నెత్తురు ఏరులై పారింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలు రెండో ముక్కను తు.చ. తప్పకుండా పాటించాయి. మొదటి ముక్కను మాత్రం డెబ్బై ఏళ్లు అటకెక్కించాయి.

కిందటి భాగంలో అమెరికా సంగతి చెప్పుకున్నాం. వాషింగ్టన్ రెండుసార్లు చాలనుకుని ఇంటికి వెళ్లిపోవడం, ఆ ఆనవాయితీని 1940లో రూజ్‌వెల్ట్ దాటి మొత్తం నాలుగుసార్లు గెలవడం, ఆయన పోయాక 1951లో 22వ సవరణతో రెండుసార్ల హద్దు రాజ్యాంగంలోకి ఎక్కడం చూశాం. అక్కడ అది మర్యాదగా మొదలై చట్టమైంది. సరిహద్దుకు దక్షిణాన మాత్రం తిరుగుబాటుగా మొదలైంది. దేశాధ్యక్షుడికి కాలపరిమితి పెడితే ప్రజాస్వామ్యానికి మేలా, చేటా అన్న ప్రశ్నకు మెక్సికో అంత ఖరీదు చెల్లించి జవాబు వెతికిన దేశం మరొకటి నాకు కనబడలేదు.

ఇదే ఆఖరి తిరుగుబాటు అన్నాడు

ముందు పోర్ఫీరియో దియాస్‌ని పరిచయం చేయాలి. 1830లో దక్షిణాది వహాకా పట్టణంలో పుట్టాడు. పసితనంలోనే తండ్రి పోయాడు. పాదిరీ అవుతాడని ఇంట్లోవాళ్లు సెమినరీలో వేస్తే ఆ చదువు వదిలి లా చదువులో చేరాడు, అదీ వదిలి తుపాకీ పట్టాడు. 1862 మే 5న ప్వెబ్లా దగ్గర ఫ్రెంచి సేనను తరిమికొట్టిన సేనానుల్లో ఆయన ఒకడు. ఫ్రెంచివాళ్లు తెచ్చి కూర్చోబెట్టిన చక్రవర్తి మాక్సిమిలియన్‌ను 1867లో కాల్చి చంపేనాటికి దేశంలో రెండు పేర్లు మారుమోగుతున్నాయి. ఒకటి అధ్యక్షుడు బెనీతో హువారెస్, రెండోది దియాస్. ఇద్దరిదీ వహాకా ప్రాంతమే.

హువారెస్ సపోతెక్ ఆదివాసీ కుటుంబంలో పుట్టి 1858లో అధ్యక్షుడైనవాడు. అంతర్యుద్ధమూ, పరాయి సేనల దాడీ తట్టుకుని దేశాన్ని నిలబెట్టాడు. అంతటివాడూ 1871లో మళ్లీ పోటీకి దిగాడు. ఎవరికీ మెజారిటీ రాకపోతే కాంగ్రెస్ ఆయన్నే ఎంపిక చేసింది. ఓడిపోయిన దియాస్ ఆ నవంబరులో లా నోరియా అనే తన ఎస్టేటు పేరుతో ఒక ప్రకటన విడుదల చేసి తిరగబడ్డాడు. ఒకే మనిషి అదేపనిగా ఎన్నికవుతూ పోతే దేశంలో ఏ సంస్థా బతకదన్నది అందులో ఆయన వాదం. ఏ పౌరుడూ అధికారంలో పాతుకుపోకుండా చూసుకుంటే ఇక దేశానికి ఇదే ఆఖరి తిరుగుబాటు అని హామీ కూడా ఇచ్చాడు.

ఆ తిరుగుబాటు అణిగిపోయింది. 1872 జులైలో హువారెస్ గుండెపోటుతో చనిపోయాడు. ఆయన తర్వాత వచ్చిన లెర్దో 1876లో రెండోసారి ఎన్నికకు సిద్ధం కాగానే దియాస్ పాత నినాదాన్నే దుమ్ము దులిపి బయటికి తీశాడు. ఈసారి తుస్తెపెక్ ప్రకటన. ఏడాది చివరికల్లా రాజధాని ఆయన చేతిలో ఉంది.

మొదట మాట నిలబెట్టుకున్నాడు కూడా. 1878లో వరసగా రెండోసారి ఎన్నిక కాకూడదని రాజ్యాంగాన్ని సవరించాడు. 1880లో స్నేహితుడు జనరల్ మాన్వెల్ గొన్సాలెస్‌కి పదవి అప్పగించి పక్కకు తప్పుకున్నాడు. 1884లో తిరిగి వచ్చాడు. అసలు తమాషా అక్కణ్నించి మొదలు. 1887లో వరసగా ఒక్కసారి మాత్రం మళ్లీ ఎన్నిక కావచ్చని ఒక సవరణ. 1890లో ఆ ఒక్కసారి అన్న షరతు కూడా ఎత్తేస్తూ ఇంకో సవరణ. 1904లో నాలుగేళ్ల పదవీకాలాన్ని ఆరేళ్లకు పెంచుతూ మరొకటి. ఎక్కడా చట్టాన్ని మీరలేదు. కాంగ్రెస్ ఓటు వేసింది, రాష్ట్రాలు తలూపాయి, గెజిట్లో పడింది. పక్క దేశాల్లో ఇతర జనరళ్లు రాజ్యాంగాన్ని చింపి పారేస్తుంటే ఈయన దాన్ని ఎంతో గౌరవంగా, అవసరమైనప్పుడల్లా, తన కొలతకు కుట్టించుకున్నాడు.

ఆయన హయాంలో పని జరగలేదని ఎవరూ అనరు. 1876లో వెయ్యి కిలోమీటర్లు కూడా లేని రైలు మార్గం 1910 నాటికి దాదాపు 19 వేల కిలోమీటర్లయింది. విదేశీ పెట్టుబడి వచ్చింది, గనులు తెరిచారు, రాజధానిలో విద్యుద్దీపాలు వెలిగాయి. ఊళ్ల ఉమ్మడి భూములు జమీందారుల ఎస్టేట్లలో కలిసిపోవడం కూడా ఆ రైలు వెంటే నడిచింది. ఆయన పద్ధతిని జనం "రొట్టె, లేకపోతే కర్ర" అనేవాళ్లు. చెప్పిన మాట విన్నవాడికి గవర్నరు గిరీయో కాంట్రాక్టో దక్కేది. విననివాడి దగ్గరికి రురాలెస్ అనే గుర్రపు పోలీసులు వచ్చేవాళ్లు. ఎన్నికలు మాత్రం గడువు తప్పకుండా జరిగేవి. 1884, 1888, 1892, 1896, 1900, 1904, అన్నింట్లోనూ దియాసే.

గీత చదివిన భూస్వామి

1908 మార్చిలో జేమ్స్ క్రీల్మన్ అనే అమెరికన్ విలేకరి పియర్సన్స్ పత్రికలో దియాస్ ఇంటర్వ్యూ అచ్చువేశాడు. చాపుల్తెపెక్ కోటలో కూర్చుని ముసలాయన చెప్పిన మాటలకు దేశం నోరు తెరిచింది. మెక్సికో ఇప్పుడు ప్రజాస్వామ్యానికి సిద్ధంగా ఉందట. 1910లో గడువు తీరాక తాను మళ్లీ నిలబడడట. ప్రతిపక్షం పుడితే సంతోషిస్తాడట. విదేశీ మదుపరుల చెవిన పడాలని అన్న మాటలు కావచ్చు. స్వదేశంలో కొందరు వాటిని నిజమనుకున్నారు.

వాళ్లలో ఒకడు ఫ్రాన్సిస్కో మదేరో. ఉత్తరాన కొవావీలా రాష్ట్రంలో పార్రాస్ ఊరి పెద్ద భూస్వాముల బిడ్డ. పొట్టి మనిషి, సన్నటి గొంతు. పారిస్‌లోనూ, కాలిఫోర్నియాలో బర్కిలీలోనూ చదివి వచ్చి పత్తి పండించేవాడు, పొలంలో కూలీలకు హోమియో మందులు ఇచ్చేవాడు. మద్యం, పొగాకు, మాంసం మానేశాడు. చనిపోయినవాళ్ల ఆత్మలతో మాట్లాడతానని నమ్మేవాడు. చిన్నప్పుడే కాలిన గాయాలతో పోయిన తమ్ముడు రావూల్, ఆ తర్వాత "హోసే" అనే మరో ఆత్మ తన చేత రాయిస్తున్నాయని నోటుపుస్తకాలు నింపాడు. మన పాఠకులకు ఆసక్తి కలిగించే విశేషం ఇంకొకటుంది. ఈయన భగవద్గీత మీద వ్యాఖ్యలు రాసుకున్నాడు. 1911లో, దేశం తన వెంట నడుస్తున్న ఏడాదే, ఆత్మవాదం మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. రచయిత పేరు చోట "భీమ" అని పెట్టుకున్నాడు. ఇంత పొట్టి మనిషి అన్ని పేర్లుండగా ఆ పేరే ఎందుకు ఎంచుకున్నాడో ఆత్మలకే తెలియాలి.

ఆయన అసలు పుస్తకం 1909 మొదట్లో వెలువడిన "1910లో అధ్యక్షుడి వారసత్వం". దియాస్‌ని దుమ్మెత్తిపోసే పుస్తకం అనుకుని తెరిస్తే ఆశాభంగమే. దియాస్ వ్యక్తిగా గొప్పవాడంటాడు. దోషమంతా హద్దులేని అధికారానిది అంటాడు. ముసలాయన మరోసారి ఉంటే ఉండనివ్వండి, ఉపాధ్యక్షుణ్నైనా జనం స్వేచ్ఛగా ఎన్నుకోనివ్వండి అన్నంత దాకా దిగి వస్తాడు. ఎనభై ఏళ్ల అధ్యక్షుడు గడువు మధ్యలో పోతే వారసుడు ఎవరు? దియాస్ తన పక్కన కూర్చోబెట్టుకున్న రమోన్ కొర్రాల్‌ని ఇష్టపడేవాళ్లు దేశంలో అరుదు. ముప్పై ఏళ్లలో రెండో నాయకుడు ఎదగనివ్వకపోవడం ఎంత ప్రమాదమో ఆ ప్రశ్న దగ్గర బయటపడింది.

1909 మేలో పునరెన్నిక వ్యతిరేక సంఘం పుట్టింది. కాగితాల అడుగున ఆ తర్వాత తరతరాలు టైపు కొట్టిన నినాదం దానిదే. 1910 ఏప్రిల్లో మదేరోని అధ్యక్ష పదవికి నిలబెట్టారు. సభలకు జనం విరగబడి వస్తుంటే జూన్‌లో మోంతెర్రేలో అరెస్టు చేసి సాన్ లూయీస్ పొతోసి జైల్లో పెట్టారు. ఆయన జైల్లో ఉండగానే ఎన్నిక అయిపోయింది. దియాస్ గెలిచాడని ప్రకటించారు. సెప్టెంబరులో ఆయన ఎనభయ్యో పుట్టినరోజూ, స్వాతంత్ర్య పోరాటం నూరేళ్ల పండగా కలిసొచ్చాయి. రాజధాని నడిబొడ్డున బంగారు దేవకన్య స్తంభాన్ని ఆవిష్కరించారు. విదేశీ అతిథులకు విందుల మీద విందులు.

అక్టోబరులో బెయిలు మీద ఉన్న మదేరో రైలెక్కి టెక్సస్‌కి తప్పించుకున్నాడు. అక్కడ సాన్ ఆంటోనియోలో కూర్చుని తిరుగుబాటు ప్రకటన సిద్ధం చేశాడు. అమెరికా గడ్డ మీద తయారైందంటే అక్కడి తటస్థత చట్టం మెడకు చుట్టుకుంటుంది. అందుకని తాను సాన్ లూయీస్‌లో ఉన్న చివరి రోజుల తేదీ, అక్టోబరు 5, దాని మీద వేశాడు. చరిత్రలో సాన్ లూయీస్ ప్రకటనగా అది నిలిచిపోయింది. మరో విచిత్రం, తిరుగుబాటు ఎప్పుడు మొదలుపెట్టాలో ముహూర్తం అందులోనే అచ్చయింది. నవంబరు 20 సాయంత్రం ఆరు గంటలకు. పోలీసులకు కూడా ముందే తెలిసిన విప్లవం అది.

మొదట తడబడినా అది అంటుకుంది. ఉత్తరాన పాస్క్వాల్ ఒరోస్కో, పాంచో వియ్యా, దక్షిణాన ఎమిలియానో సపాతా లేచారు. 1911 మే 10న సరిహద్దు పట్టణం స్యూదాద్ హువారెస్ పడిపోయింది. 25న దియాస్ రాజీనామా చేసి, నెలాఖరున వెరాక్రూజ్‌లో ఇపిరాంగా అనే జర్మన్ ఓడ ఎక్కాడు. 1915లో పారిస్‌లో కన్నుమూశాడు. ఆయన సమాధి ఇప్పటికీ అక్కడే మోంపర్నాస్ శ్మశానంలో ఉంది.

మదేరో గెలిచాడు గానీ నిలవలేకపోయాడు. ఎన్నిక సరిగా జరిగితే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయని ఆయన నమ్మకం. లాక్కున్న భూములు తిరిగి ఇమ్మని అడిగిన సపాతా రైతులకు ఆ నమ్మకం కడుపు నింపలేదు. పాత సైన్యాన్ని అలాగే ఉంచుకున్నాడు. 1913 ఫిబ్రవరిలో ఆ సైన్యంలోని జనరల్ హువెర్తా కుట్ర చేసి ఆయన్ని బంధించాడు, 22 రాత్రి ఉపాధ్యక్షుడు పినో స్వారెస్‌తో పాటు కాల్చి చంపించారు. ఆ తర్వాతి నాలుగైదేళ్ల అంతర్యుద్ధం గురించి ఇక్కడ రాయబోతే ఈ ధారావాహిక దారి తప్పుతుంది. మనకు కావలసింది 1917 ఫిబ్రవరి 5న కెరెతారోలో వచ్చిన కొత్త రాజ్యాంగం, అందులో 83వ అధికరణం. నాలుగేళ్ల పదవీకాలం. ఆ తర్వాత ఆ మనిషి ఇంకెప్పుడూ అధ్యక్షుడు కాకూడదు. సందు లేకుండా రాశామనుకున్నారు.

శనగ రైతు మధ్యాహ్న భోజనం

పదేళ్లలోనే సందు దొరికింది. దొరకబుచ్చుకున్నవాడు అల్వారో ఒబ్రెగోన్.

ఒబ్రెగోన్ సొనోరా రాష్ట్రంలో కాబూలీ శనగలు పండించిన రైతు. సైనిక పాఠశాల గడప తొక్కకుండానే విప్లవంలో ఓటమి ఎరగని జనరల్ అనిపించుకున్నాడు. 1915లో వియ్యా మీద జరిగిన యుద్ధాల్లో కుడిచెయ్యి పోయింది. ఇతర నాయకులకు రెండు చేతులున్నాయి, తనకు ఒకటే ఉంది కాబట్టి తక్కువ దోచుకుంటానని తనే జోకు వేసేవాడంటారు. 1920 నుంచి 1924 దాకా అధ్యక్షుడు. గడువు తీరగానే సొనోరాకే చెందిన ప్లుతార్కో ఎలియాస్ కాయెస్‌కి పదవి ఇచ్చి శనగ చేలకు వెళ్లిపోయాడు. అందరూ మెచ్చుకున్నారు.

1927 జనవరిలో 83వ అధికరణం మారింది. వెంటనే మళ్లీ ఎన్నిక కాకూడదు, మధ్యలో ఒక విడత వదిలితే కావచ్చు. దియాస్ 1878లో చేసిన ఏర్పాటుకు ఇది అచ్చుగుద్దిన నకలు. 1928లో పదవీకాలాన్ని ఆరేళ్లు చేశారు. ఇదీ దియాస్ చేసిందే. ఆయనకు పాతికేళ్లు పట్టిన పనిని సొనోరా జనరళ్లు ఏడాదిలో ముగించారు.

ఒబ్రెగోన్‌కి పోటీగా ఇద్దరు పాత సహచరులు లేచారు. జనరల్ ఫ్రాన్సిస్కో సెర్రానో, జనరల్ అర్నుల్ఫో గోమెస్. ఇద్దరి ప్రచారమూ మదేరో నినాదం మీదే. 1927 అక్టోబరు 3న క్వెర్నవాకా నుంచి రాజధానికి వచ్చే దారిలో, ఉయిత్సిలాక్ అనే ఊరి దగ్గర సైనికులు సెర్రానోనీ, వెంట ఉన్న పదముగ్గురినీ రోడ్డు పక్కన దించి కాల్చేశారు. నవంబరులో గోమెస్‌నీ పట్టుకుని కాల్చేశారు. 1928 జులై 1న ఎన్నికలో మిగిలిన అభ్యర్థి ఒబ్రెగోన్ ఒక్కడే. గెలిచాడని వేరే చెప్పక్కర్లేదు.

జులై 17 మధ్యాహ్నం రాజధాని శివార్లలో సాన్ ఆంహెల్ దగ్గర లా బొంబియా అనే రెస్టారెంటులో గ్వానహ్వాతో రాష్ట్ర డెప్యూటీలు (దిగువ సభ సభ్యులు) ఆయనకు విందు ఇచ్చారు. బ్యాండు వాయిస్తోంది. ఆయనకు ఇష్టమైన "ఎల్ లిమొన్సితో" పాట మోగుతోంది. ఒక కుర్రాడు బొమ్మల పుస్తకం పట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ అతిథుల బొమ్మలు గీస్తున్నాడు. పేరు హోసే దె లియోన్ తోరల్, ఇరవై ఏడేళ్లు. గీసిన బొమ్మలు చూపిస్తూ వరసగా ముఖ్య అతిథి దగ్గరికి వచ్చాడు. ఒబ్రెగోన్ బొమ్మ చూడడానికి తల తిప్పాడు. కుర్రాడు ఎడమచేత్తో పుస్తకం పట్టుకుని కుడిచేత్తో పిస్తోలు తీసి ముఖం మీద, వీపు మీద వరసగా కాల్చాడు.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. తోరల్ కాల్చింది పునరెన్నికకు వ్యతిరేకంగా కాదు. చర్చి మీద ప్రభుత్వం పెట్టిన ఆంక్షలకు ఉడికిపోయిన కాథలిక్ భక్తుడతను. అప్పటికి రెండేళ్లుగా పల్లెల్లో క్రిస్తేరో తిరుగుబాటు సాగుతోంది. అతనికి 1929 ఫిబ్రవరిలో మరణశిక్ష అమలు చేశారు. కారణం ఏదైనా, ఫలితం మాత్రం రాజ్యాంగంలో కనిపించింది. ఒబ్రెగోన్ చనిపోయిన చోటే 1935లో స్మారకం కట్టి, యుద్ధంలో తెగిన ఆయన చేతిని గాజు సీసాలో మందు పోసి అందరికీ కనబడేలా పెట్టారు. 1989 దాకా అది అక్కడే ఉంది. బడిపిల్లల్ని తీసుకెళ్లి చూపించేవాళ్లు.

కాయెస్‌కి తానే కుర్చీ అట్టిపెట్టుకునే అవకాశం వచ్చింది. తీసుకుంటే తననే హంతకుడంటారని తెలుసు. 1928 సెప్టెంబరు 1న కాంగ్రెసులో నిలబడి, వ్యక్తుల కాలం ముగిసింది, ఇక సంస్థల కాలం అన్నాడు. 1929 మార్చిలో జనరళ్లనూ, ప్రాంతీయ పెత్తందార్లనూ, సంఘాల నాయకుల్నీ ఒకే పార్టీ గొడుగు కిందికి తెచ్చాడు. ఆ పార్టీ 1938లో ఒకసారి, 1946లో ఒకసారి పేరు మార్చుకుని "పీఆర్ఐ" అయింది. మధ్యలో ఆరేళ్లపాటు ముగ్గురు అధ్యక్షులు మారారు, పెత్తనం కాయెస్‌దే. అధ్యక్షుడు ఉండేది ఇక్కడ, పాలించేవాడు ఉండేది ఎదురింట్లో అని జనం నవ్వుకునేవాళ్లు.

1933 ఏప్రిల్లో మళ్లీ సవరణ. ఒకసారి అధ్యక్షుడైనవాడు ఏ రూపంలోనూ, ఏ కారణంతోనూ ఆ పదవిలోకి రాకూడదు. గవర్నర్లకూ అంతే. డెప్యూటీలు, సెనేటర్లు, మేయర్లు వరసగా రెండోసారి ఎన్నిక కాకూడదు. ఆ మరుసటి ఏడు గద్దెనెక్కిన లాసారో కార్దెనాస్ తనను నడిపించబోయిన కాయెస్‌ను 1936 ఏప్రిల్లో విమానం ఎక్కించి అమెరికా పంపేశాడు. 1940లో తానూ గడువు తీరగానే దిగిపోయాడు. ఎదురింటి పెత్తనం అంతటితో పోయింది. ఈ నియమానికి ప్రాణం పోసింది సవరణ కంటే కార్దెనాస్ చేసిన ఈ రెండు పనులే అని నా లెక్క.

ఆరేళ్ల రాజులు

1934 నుంచి నేటి వరకు మెక్సికోలో ఏ అధ్యక్షుడూ గడువు దాటి కుర్చీలో కూర్చోలేదు. సైనిక కుట్ర ఒక్కటీ నెగ్గలేదు. దీని విలువ తెలియాలంటే ఇరుగుపొరుగు చూడాలి. డొమినికన్ రిపబ్లిక్‌లో త్రుహియో 1930 నుంచి 1961 దాకా, నికరాగ్వాలో సొమోసా కుటుంబం 1979 దాకా, పరాగ్వేలో స్త్రోస్నర్ 1954 నుంచి 1989 దాకా పట్టు వదల్లేదు. మెక్సికోలో పదవి దక్కని నాయకుడికి తిరగబడాల్సిన అవసరం లేకపోయింది. ఆరేళ్లు ఓపిక పడితే కొత్త దొర వస్తాడు, కొత్త పంపకాలు జరుగుతాయి. 1951 ప్రాంతంలో మిగెల్ అలెమాన్ అనుచరులు ఆయన గడువు పొడిగిస్తే ఎలా ఉంటుందని గాలిలోకి ఒక మాట వదిలారు. పార్టీలోని పెద్దలే ఒప్పుకోలేదు.

అయితే ఇల్లు పార్టీది, అధ్యక్షుడు ఆరేళ్లు అద్దెకున్నవాడు. అద్దెదారు మారేవాడు, ఇంటి యజమాని మారేవాడు కాదు. దిగిపోయేవాడు తన తర్వాతివాణ్ని తనే ఎంపిక చేసేవాడు. వేలితో చూపించడం అని ఆ పద్ధతికి పేరు. చివరి క్షణం దాకా బయటపడని ఆ అభ్యర్థిని "ముసుగు మనిషి" అనేవాళ్లు. తనకు కావాలని నోరు తెరిచినవాడి పని అంతటితో సరి. కదిలినవాడు ఫొటోలో పడడు అని కార్మిక సంఘం నాయకుడు ఫిదెల్ వెలాస్కెస్ చెప్పేవాడంటారు. ఆయన సంగతి చూడండి. అధ్యక్షులందరికీ ఆరేళ్లే. ఈయన మాత్రం 1941లో సంఘం పగ్గాలు పట్టి, మధ్యలో మూడేళ్లు మినహా, 1997లో 97వ ఏట చనిపోయేదాకా వదల్లేదు.

అసలు దెబ్బ డెప్యూటీల నియమం దగ్గర తగిలింది. దీన్ని గురించి ఎక్కువమంది మాట్లాడరు. డెప్యూటీకి మూడేళ్ల గడువు. ఎంత బాగా పనిచేసినా అదే నియోజకవర్గం నుంచి వెంటనే నిలబడే వీల్లేదు. మరి తర్వాత ఏం కావాలి? సెనేటు టికెట్టో, మంత్రిత్వ శాఖలో కుర్చీయో, సొంత రాష్ట్రంలో గవర్నరు గిరీయో. అవన్నీ పార్టీ చేతిలో, అంటే అధ్యక్షుడి చేతిలో ఉన్నాయి. ఓటరు చేతిలో ఇవ్వడానికీ లేదు, లాక్కోవడానికీ లేదు. అలాంటప్పుడు డెప్యూటీ ఎవరి గుమ్మం ముందు నిలబడతాడు? అధ్యక్షుడు పంపిన బిల్లుకు కాంగ్రెస్ అడ్డుచెప్పిన సందర్భాలు ఆ రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టాలి. కాస్త పని నేర్చుకునేసరికి సభ మొత్తం ఖాళీ అయ్యేది.

చివరి ఏడాదికి జనం వేరే పేరు పెట్టుకున్నారు, "ఇడాల్గో సంవత్సరం". పోయేలోపు చేతికందింది సర్దుకునే ఏడాది. మళ్లీ ఓటరు ముఖం చూడాల్సిన పని లేనివాడికి భయమేముంది? 1976, 1982, 1994, మూడుసార్లూ పెసో కుప్పకూలింది గడువు ముగిసే ఏడాదిలోనే. 1976లో హోసే లోపెస్ పోర్తియో ఎన్నికైనప్పుడు బ్యాలెట్టు మీద ఆయన తప్ప వేరే అధ్యక్ష అభ్యర్థి పేరే లేదు. పెరూ రచయిత మారియో వర్గాస్ యోసా 1990లో మెక్సికో టీవీలోనే కూర్చుని దీన్ని పరిపూర్ణ నియంతృత్వం అన్నాడు. ఆతిథ్యం ఇచ్చినవాళ్ల ముఖాలు ఎలా మారాయో ఊహించుకోవచ్చు.

నినాదంలోని మొదటి ముక్క అటక దిగింది వేరే దారిలో. 1988లో ఓట్ల లెక్కింపు మధ్యలో కంప్యూటర్లు ఆగిపోయాయన్నారు, చివరికి పీఆర్ఐ అభ్యర్థి సలీనాస్ గెలిచాడన్నారు. ఓడినవాడు ఎవరనుకున్నారు, లాసారో కార్దెనాస్ కొడుకు క్వావ్తెమోక్. దేశం నమ్మలేదు. ఆ గొడవ నుంచే 1990లో ఎన్నికల సంస్థ పుట్టింది, 1996లో అది ప్రభుత్వం చేతి కింద నుంచి పూర్తిగా బయటపడింది. 1997లో పీఆర్ఐకి దిగువ సభలో మెజారిటీ పోయింది. 2000 జులై 2న వేరే పార్టీ మనిషి విసెంతె ఫాక్స్ గెలిచాడు, ఓడిన పార్టీ ఆ రాత్రే ఒప్పుకుంది. 71 ఏళ్లలో మొదటిసారి. ఈ మార్పు తెచ్చింది కాలపరిమితి కాదు. ఓటు లెక్కపెట్టేవాడు పాలించేవాడి కింద ఉద్యోగి కాకపోవడం.

అంతమాత్రాన కాలపరిమితి దండగ అనలేను. ఒక మనిషిని దించడానికి 1910లో మెక్సికో చెల్లించిన మూల్యం చూశాక అనడం సాధ్యం కాదు. అధ్యక్షుడికి హద్దు ఉండాల్సిందే. సైన్యం, ఖజానా, ఉద్యోగాల పంపకం ఒకే చేతిలో ఉన్నచోట ఎన్నిక అనేది సమానుల పోటీ కాదు. డెప్యూటీకి ఆ బలం లేదు. అతణ్ని దించాలో ఉంచాలో ఓటరే చూసుకుంటాడు. ఆ ఇద్దరికీ ఒకే మందు వేయడమే 1933లో జరిగిన పొరపాటు. మన ప్రధానికీ, ముఖ్యమంత్రులకూ ఇలాంటి గడువు లేదేమని కొందరికి అనిపించవచ్చు. సభ విశ్వాసం పోతే ఏ రోజైనా దిగాల్సిందేనన్నది మన రాజ్యాంగం పెట్టిన కాపలా. పార్టీలు సభ్యుల్ని అంత స్వేచ్ఛగా వదులుతున్నాయా అన్నది వేరే చర్చ.

2014లో మెక్సికో ఆ పొరపాటు సరిదిద్దుకుంది. డెప్యూటీలు వరసగా నాలుగు విడతలు, సెనేటర్లు రెండు విడతలు పోటీ చేయవచ్చని రాజ్యాంగం సవరించారు. అధ్యక్షుడి నియమం జోలికి పోలేదు. 2024 అక్టోబరు 1న దేశపు మొదటి మహిళా అధ్యక్షురాలిగా వచ్చిన క్లౌదియా షేన్‌బామ్ ఆ సవరణను మళ్లీ వెనక్కి తిప్పింది. మదేరో నినాదం పేరు చెప్పే తిప్పింది. 2025 ఏప్రిల్లో అమల్లోకి వచ్చిన ఆ మార్పు ప్రకారం 2030 నుంచి డెప్యూటీలు, సెనేటర్లు, మేయర్లు ఎవరూ వరసగా రెండోసారి ఎన్నిక కావడానికి వీల్లేదు. ఇది తప్పు అడుగని నా అభిప్రాయం. ఉభయ సభల్లోనూ ఒకే కూటమికి భారీ మెజారిటీ ఉన్న సమయంలో ఈ మార్పు రావడం ఇంకా మంచిది కాదు.

వచ్చే వారం మన పక్కనే ఉన్న శ్రీలంకకు వెళదాం. 2010లో అధ్యక్షుడి రెండుసార్ల హద్దును రాజ్యాంగ సవరణతో ఎత్తేయించుకుని, మూడోసారి నిలబడి, 2015 జనవరిలో ఓడిపోయిన మహింద రాజపక్స కథ.